కింద అక్షరాలు పడే మీటింగు

చిరంజీవి కీర్తనకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, నాన్న, తమ్ముడు బాగున్నాం. నువ్వూ, నీ ఆసుపత్రిలో జవాన్లూ చల్లగా ఉండాలని రాయబోయి ఆగాను. ఆ కొండల మీద చలికి గ్లౌజులు తీయలేకపోతున్నామని రాశావు కదా, మీరంతా వెచ్చగా ఉండాలని కోరుకుంటున్నాను.

గోంగూర పచ్చడి నీకంటే మీ మలయాళీ సిస్టరే ఎక్కువ తినేసిందన్నావు. ఈసారి ఆమెకో సీసా విడిగా పంపుతాను. ఫోను సరిగా కలవదు, ఉత్తరాలే రాయమన్నావు. నాకూ ఇదే బాగుంది. ఫోనులో అయితే నువ్వు డ్యూటీ అంటావు, నేను పొయ్యి మీద కూర అంటాను, ఏ సంగతీ పూర్తికాదు.

"మీటింగులో గొడవపడ్డావని పటమట పిన్ని చెప్పింది, ఒక వీడియో కోసం గొడవ దేనికమ్మా" అని అడిగావు. మొదటినుంచీ చెప్తాను.

పోయిన వర్షాకాలం మా మున్సిపల్ కౌన్సిల్ హాల్లోకి నీళ్లొస్తే మీటింగు ఆన్‌లైన్‌లో పెట్టుకున్నాం. జనం కూడా చూడాలని ఎవరో ఆ లింకు ఊళ్లో వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపారు. బాగానే ఉందనుకుంటుంటే, ముక్కూ మొహం తెలియనివాడొకడు లోపలికి దూరి అసహ్యమైన బొమ్మలు పెట్టాడు. ఆడవాళ్లం గబగబా ఫోన్లు కట్టేశాం. ఆ తర్వాత ఇద్దరు ఆడ కౌన్సిలర్లు రెండు నెలలు మీటింగుకే రాలేదు. చైర్‌పర్సన్ గారు ఇక లైవు వద్దన్నారు. జనం మాత్రం ఊరుకోలేదు. పన్ను పెంచినరోజు అందరూ మా మొహానే అడిగారు, తలుపులేసుకుని పెంచారా అని. అప్పుడు సరైన పద్ధతి ఏదో చూసి చెప్పమని ముగ్గురిని కమిటీగా వేశారు. పదకొండో వార్డు దుర్గాప్రసాద్ గారు, మున్సిపల్ ఇంజనీరు సురేష్ గారు, నేను.

నాకేం తెలుసని వేశారో నాకే అర్థం కాలేదు. చీరలు అమ్ముకునేదాన్ని. కానీ చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూసినట్టు దీన్నీ తిప్పి చూడాలని మాత్రం అనుకున్నాను.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక కంపెనీవాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టి చూపించారు. బొమ్మ అద్దంలా ఉంది. పైగా అంతా ఉచితమన్నారు. దుర్గాప్రసాద్ గారు అక్కడే సరే అనేసేవారే. నేను అడిగాను, చూసేవాళ్లు ఏమైనా ఇవ్వాలా అని. పేరు, ఫోను నెంబరు ఇస్తే చాలన్నారు. మరి ఆ నెంబర్లు ఏం చేస్తారన్నాను. నవ్వారు. మా మీటింగు రికార్డు ఎవరి దగ్గర ఉంటుందన్నాను. వాళ్ల దగ్గరేనట. మేం మాట్లాడిన మాట మేమే మళ్లీ చూడాలంటే వాళ్లను అడగాలన్నమాట. తిరిగొచ్చేటప్పుడు కారులో దుర్గాప్రసాద్ గారు, ఊరికే వచ్చేదాన్ని చెడగొట్టానని సణుగుతూనే ఉన్నారు.

ఆ వారమే ఏసుపాదం మన ఇంటికొచ్చాడు. చర్చి వీధిలో టైలరు, నీ స్కూలు యూనిఫారం లంగాలు కుట్టినాయన. పుట్టుకతోనే చెవుడు. కౌన్సిలు మీటింగు ఎప్పుడు జరిగినా గ్యాలరీలో మొదటి బెంచీలో కూర్చుని మా పెదాలు చూస్తుంటాడు. లైవు మళ్లీ పెడుతున్నారని ఎవరో చెప్పారట. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో మన అరుగు మీద రాశాడు: "నాకు కూడా అర్థమయ్యేలా పెడతారా?"

తల ఊపాను. ఊపాక ఇక వెనక్కి వెళ్లడానికి లేదు.

సురేష్ గారు మంచి మనిషి, పట్టు పట్టాక వదలరు. మరో రెండు పద్ధతులు వెతికి తెచ్చారు. వాటిలో మాకు నచ్చినదానికి డబ్బు కట్టాలి. అందులో మీటింగు గదిలోకి కౌన్సిలర్లు, ఆఫీసర్లు మాత్రమే వాళ్ల వాళ్ల పాస్‌వర్డుతో వస్తారు, బయటివాళ్లు ఎవరైనా సరే పేరూ నెంబరూ ఇవ్వకుండా చూడొచ్చు గానీ లోపలికి దూరలేరు. రికార్డు మున్సిపాలిటీ సొంతం. సిగ్నలు బాగోని చోట బొమ్మ ఆగినా మాట వినిపిస్తుంది. మాట్లాడేది తెలుగు అక్షరాల్లో కింద పడుతుంది.

అక్షరాలు చూసి మొదటిరోజు కడుపుబ్బ నవ్వుకున్నాం. నేను మురుగు కాలవ అంటే అది మురుకుల కాలవ అని రాసింది. దుర్గాప్రసాద్ గారి ప్రసంగమంతా మురుకుల మీదే నడిచింది. అందుకని మన ఆఫీసు టైపిస్టు మాణిక్యమ్మ గారు పక్కన కూర్చుని తప్పులు అప్పటికప్పుడు దిద్దేలా ఏర్పాటు చేశాం. విజయవాడ నుంచి చేతి సైగల భాష తెలిసిన టీచరు ఒకావిడ వచ్చి తెర మూలన నిలబడి చెప్పడానికి ఒప్పుకున్నారు.

పిన్ని చెప్పిన గొడవ ఆ తర్వాత, కౌన్సిల్లో ఓటు పెట్టినరోజు జరిగింది. దుర్గాప్రసాద్ గారు లేచి, "ఊరికే ఇస్తామన్నదాన్ని కాదని, ఒక్క ఏసుపాదం కోసం ఇంత ఖర్చు పెట్టాలా రేణుకమ్మా" అన్నారు.

నేనూ లేచాను.

"ఒక్కడేనని మీరు ఎట్టా చెప్తారండీ? వినపడనివాళ్లు వచ్చి మీకు చెప్పుకుంటారా? ఆరోజు వీడియోలో బొమ్మలు చూసి మేం ఫోన్లు కట్టేశాం. మాకు జరిగింది కాబట్టి తాళం కావాలని అందరం ఒప్పుకున్నాం. ఆయనకి రోజూ జరిగేది మనకి జరగలా, అంతే తేడా" అన్నాను.

గ్యాలరీలో ఏసుపాదం నా మొహమే చూస్తున్నాడు. ఎంత అర్థమైందో తెలియదు. చైర్‌పర్సన్ గారు చేతులెత్తమన్నారు. ఆ రెండు నెలలు మీటింగుకు రాకుండా పోయిన ఇద్దరు ఆడవాళ్లు అందరికంటే ముందు ఎత్తారు. మా మాట నెగ్గింది. దుర్గాప్రసాద్ గారు మనసులో పెట్టుకునే మనిషి కాదులే. బయటికొచ్చాక, పాస్‌వర్డు ఎట్టా మార్చుకోవాలో చూపించమని నన్నే అడిగారు.

మొదటి లైవు పోయిన నెలలో జరిగింది. ఆరోజు ఏసుపాదం గ్యాలరీకి రాలేదు. కొట్లోనే మిషను పక్కన ఫోను నిలబెట్టుకుని చూశాడట. సాయంత్రం నేను ఆ వీధిన వస్తుంటే కుట్టడం ఆపి లేచి నిలబడ్డాడు. కీర్తనా, కౌన్సిలరుగా గెలిచినరోజు వేసిన దండలన్నీ కలిపినా దానికి సరిరావు.

ఇక నీ ఉత్తరంలో చివర రాసిన మాట. "నాన్న ఫోను తీసుకోగానే సరే సరే అని నీకిచ్చేస్తున్నారు, నేను సైన్యంలో చేరడం ఆయనకి ఇష్టం లేదా అమ్మా" అని రాశావు. దీనికి జవాబు నాకూ ఈమధ్యే తెలిసింది.

ఆ లైవు రోజు నేను ఇంటికొచ్చేసరికి నాన్న టీ పెట్టి ఇచ్చారు. నా ఎదురుగా కూర్చుని, మంచినీళ్ల పైపు గురించి నేనేమన్నానో, దానికి ఇంజనీరు గారు ఎట్టా తప్పించుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పారు. నేను ఆశ్చర్యపోయాను. నేను కౌన్సిలరుగా ప్రమాణం చేసిన తర్వాత ఆయన ఒక్కసారి కూడా గ్యాలరీకి రాలేదు. నా పని ఆయనకి పట్టదని మనసులో బాధపడుతూనే ఉన్నాను. ఇవాళ ఎందుకు చూశారని అడిగాను.

"ఇవాళ చదవగలిగాను" అన్నారు.

రైసు మిల్లులో అన్నేళ్లు మిషన్ల రొదలో పనిచేసి ఆయన చెవులు పోతున్నాయి తల్లీ. దగ్గర కూర్చుని మాట్లాడితే అందుతుంది. నలుగురు మాట్లాడినా, మైకైనా, ఫోనైనా ఒట్టి గోల. మిల్లులో తెలిస్తే పనిలోంచి తీసేస్తారని మొదట దాచారు. తర్వాత నామోషీతో దాచారు. నువ్వు ఫోను చేస్తే నీ గొంతని మాత్రం తెలుస్తుందట, ఏమన్నావో తెలియదట. తప్పు జవాబు చెప్తే నువ్వు కనిపెడతావని నాకిచ్చేసేవారట.

పిల్లలకి చెప్పొద్దన్నారు. నేను మాటివ్వలేదు. నీ ఉత్తరం వచ్చాక ఆ వాక్యం తీసి చూపించాను. చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మర్నాడు ఆయనే, రాసెయ్యి అన్నారు. నువ్వు లెఫ్టినెంట్ బట్టల్లో దిగిన ఫోటో ఆయన పర్సులో ఉంది, మిల్లులో చూడనివాళ్లు లేరు. ఇష్టం లేదన్న మాట ఇక మనసులోంచి తీసెయ్యి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చెవికి మిషను పెట్టుకుంటే చాలావరకు వినిపిస్తుందన్నారు, కొలతలు తీసుకున్నారు.

ఇంకొకటి రాసి ముగిస్తాను. ఊళ్లోవాళ్లు ఇంటినుంచే ప్రశ్న రాసి పంపే వీలు కూడా అందులో ఉంది. మొన్నటి మీటింగు చివర మాణిక్యమ్మ గారు ఆ ప్రశ్నలు చదువుతూ ఒకచోట ఆగి నావైపు చూశారు. తర్వాత చదివారు:

"ఏడో వార్డు నుంచి హరిబాబు గారు అడుగుతున్నారు. మా వీధి మలుపులో దీపం దసరా నుంచి వెలగడం లేదు. మా కౌన్సిలరు గారికి ఇంట్లో చాలాసార్లు చెప్పాను. ఆవిడ వినిపించుకోవడం లేదు."

హాలంతా నవ్వింది. చైర్‌పర్సన్ గారు కూడా నోటికి పైట అడ్డం పెట్టుకున్నారు. నేను లేచి, కెమెరా వైపు తిరిగి, మాణిక్యమ్మ గారికి తప్పు పోకుండా నిదానంగా, "హరిబాబు గారికి నమస్కారమండీ. వారంలోపు వేయిస్తాను" అని చెప్పాను.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నారు.

"వారమన్నావు. అక్షరాల్లో పడింది, నేను చదివాను. ఇంక మాట మార్చడానికి లేదు" అన్నారు.

ఇట్లు,
నీ క్షేమం కోరే అమ్మ,
రేణుక,
ఏడో వార్డు కౌన్సిలరు