అయిదుగురం చాలు

ప్రియమైన బామ్మర్దికి,

ఇక్కడ అందరం క్షేమం, మోకాళ్లు తప్ప. మన ప్రెస్సు వెనకాల బాస్కెట్‌బాల్ కోర్టు తవ్వేసి గోడౌను కడతారట. చివరిసారిగా మిల్లు వాళ్లతో ఒక మ్యాచ్ ఆడదామని కబురు పెట్టాను, సరేనన్నారు. నువ్వు, నేను, మన పొడుగాటి నిచ్చెన, ఎడంచేతి కంపోజిటరు, బైండింగు పెద్దాయన. అయిదుగురం చాలు. అప్పట్లో మాత్రం మన బెంచీ మీద ఎవరున్నారు, విప్పిన చొక్కాలు తప్ప? ఆదివారం పొద్దున్నే దిగిపో.

ఇట్లు, నీ కెప్టెన్ బావ

తా.క.: ఇప్పుడు టైలరువి కదా, జెర్సీలు నువ్వే కుట్టు. నా కొలతలు పాతవే.
మళ్లీ తా.క.: కావని మీ అక్క వంటింట్లోంచి అరుస్తోంది.

కెప్టెన్ బావకి నమస్కారాలు.

షిఫ్టు దిగి, సిరా చేతులతోనే బంతి పట్టుకున్న సాయంత్రాలు గుర్తొచ్చి కత్తెర పక్కన పెట్టేశాను. కానీ బావా, నిచ్చెనకి ఆయాసం. పెద్దాయనకి బంతి ఆనదు. ఒకరు కూలబడితే ఎవరు దిగుతారు? బెంచీ మీద ఆట తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి. అక్కనడుగు.

ఇట్లు, బామ్మర్ది

తా.క.: నీ జెర్సీ కుట్లలో రెండంగుళాలు వదిలాను. మిగతాది నీ ఊపిరి బిగింపుకి వదిలేశాను.

బామ్మర్దికి,

నా టీము సంగతి ఇంట్లో అడిగి తేల్చుకోవాలా? కెప్టెన్నంటే ఇంత చులకనా? అయినా అడిగాను. "ఎక్స్‌ట్రా ప్లేయరు కావాలట మీ తమ్ముడికి" అంటే, "నేను సిద్ధమే" అంది. సరే, మంచినీళ్లూ నొప్పుల మందూ ఆవిడ చూసుకుంటుంది. ఇక బెంచీ మాటెత్తకు.

ఇట్లు, ఇంకా కెప్టెనే అయిన బావ

తా.క.: మీ అక్క రోజూ మేడ మెట్లు పరుగున ఎక్కి దిగుతోంది. పైన ఏం వెతుకుతోందో చెప్పదు.

బావా,

కోప్పడకు. షాపులో జారిపడి చీలమండ బెణికింది, రాలేను. అక్క మెట్లెక్కుతోందన్నావుగా, ఇక నాకు దిగుల్లేదు. జెర్సీలు బస్సులో పంపిస్తున్నాను.

ఇట్లు, కుంటి బామ్మర్ది

తా.క.: ఒకటి చిన్నది కుట్టాను. పట్టినవాళ్లకివ్వు.

ఒరేయ్ దొంగా,

నలుగురమే మిగిలామని నేను తల పట్టుకుని కూర్చుంటే, మీ అక్క ఆ చిన్న జెర్సీ తొడుక్కుని కోర్టులోకొచ్చింది. "ఏమండీ, బంతి ఇటివ్వండి" అంది. ఇచ్చాను. రింగు తాకకుండా వలలో పడింది! "ఎవరీవిడ?" అన్నాడు మిల్లు కెప్టెను. "మా ఇంట్లోవాళ్లే" అన్నాను, నాకే నమ్మకం లేనట్టు.

ఒక్క బాస్కెట్ తేడాతో గెలిచాం. మీ పెరట్లో నీకు ఆట నేర్పింది ఆవిడేనటగా! నాకెందుకు చెప్పలేదంటే, "మీ ఆట కబుర్లయ్యాక చెబుదామనుకున్నాను, ఇంకా అవలేదుగా" అంది.

ఇంటికొస్తూ అడిగాను. "పెళ్లికి ముందు కోర్టు ప్రహరీ అవతల నిలబడేదానివి. నాకోసం కాదా?"

"బంతి బయట పడితే ఒక్కసారి విసురుదామని. మీరెప్పుడూ పడనిచ్చేవారు కాదు. అంత బాగా ఆడేవారు."



ఇట్లు, మాజీ కెప్టెను

తా.క.: కోర్టు తవ్వేలోపే రింగు అడిగి తెచ్చి పెరటి గోడకి బిగించాను. కాలు నయమయ్యాక రా. బెంచీ మీద మాత్రం నేనే.