వందకు డెబ్బై ఒకటి

నాచారం,
బుధవారం.

అమ్మా, దేవుని దయవల్ల నేను కులాసా. ఫోన్లో చెబితే సగంలోనే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను. నా నౌకరి ఇంకా పర్మనెంట్ కాలేదు.

మా కంపెనీ మిలిటరీకి చేసే వైర్‌లెస్ సెట్లతో ఇక్కడి నుంచి మల్లాపూర్‌కు వంద మెసేజీలు పంపి, ఎన్ని చేరాయో రాయడం నా పని. అక్కడి షెడ్లలో వెల్డింగ్ చేస్తుంటే సిగ్నల్ పాడవుతుంది. అందుకే మా మేనేజర్ రామస్వామి సారు ఎప్పుడూ అన్నాల వేళకే పరీక్ష పెట్టిస్తారు, వందకు వందా చేరతాయి. సోమవారం నేను మూడు గంటలకు పెట్టాను. డెబ్బై ఒకటే చేరాయి. ఉన్నదే రాసిచ్చాను.

"గిదేంది జీవన్? లంచ్ టైంల జెయ్యమన్న గద!" అన్నారు సారు.

"దుష్మన్ గూడ మన లంచ్ టైం సూసుకొనే వస్తడా సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. రిపోర్టు మాత్రం దిద్దకుండా పైకి పంపి, సెట్టుకూ నాకూ ఇంకో మూడు నెలల పరీక్ష వేశారు.

చెల్లి రోజీకి హాల్ టికెట్ వచ్చిందా? నాన్న మోకాలు ఎట్లుంది? మామిడి తొక్కు పంపు.

నా నౌకరి కోసం నెలాఖరు ఆదివారం పెట్టుకున్న కృతజ్ఞత కూడిక ఆపు. పాస్టరయ్యకు వందనాలు. ఆ విందుకని పెరట్లో కట్టేసిన మేకకు నా దీవెనలు. ఈ రిపోర్టుతో బాగుపడింది ఇప్పటికి అదొక్కటే.

నీ కొడుకు,
జీవన్