వెండి నోరు దొరకలేదు

కోవిల్‌పట్టి
5-10-1998

అమ్మకు మునీశ్వరి రాస్తున్నది. పాపకు బాగయింది, కార్డు చూసి బస్సెక్కి రావద్దు.

మన సుగంధి కింది పెదవి లోపల పెసరగింజంత నీటి బుడిపె లేచింది. మా అత్త చూసి, "ఇది అమ్మోరు వచ్చిండేది. ఆస్పత్రికి పోగూడదు. ఇరుక్కంగుడి మారియమ్మకు ఎండి రేకు నోరు హుండీలో ఏస్తామని మొక్కుకో" అంది. మొక్కుకున్నాను. ఆ వారమే బడికి పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. పిల్లల నోట్లో లేచే బుడిపెల్లో ఆమె ఎక్కువగా చూసేది ఇదేనట. పెదవి కొరుక్కునే పిల్లలకు లోపల ఎంగిలి నిలిచి ఇట్లా ఉబ్బుతుందట. దవడ ఎముకలో వచ్చే వాపులు అరుదట. చాలాసార్లు దానంతట అదే పోతుంది, పోకపోతే చిన్న కోత అంది. పాపకు కోత లేకుండానే పోయింది.

మొక్కు తీర్చడానికి వెళ్తే గుడి అంగట్లో వెండి కళ్ళున్నాయి, చేతులున్నాయి, కాళ్ళున్నాయి, నోరు మాత్రం లేదు. ఇంతమంది పిల్లలకు వచ్చేదానికి రేకు ఎందుకు చేయరని అడిగాను. నోరు ఎవరూ అడగరు, ముఖం తీసుకోమంది అంగడామె. ముఖం వేస్తే నోటి మొక్కు తీరుతుందా? అత్త తీరదంటుంది.

మిరప నాటారా? నాన్న మోకాలు ఎట్లా ఉంది? వచ్చేవాళ్ళ చేత ఉలవలు పంపు.

నా కింది పెదవి లోపల కూడా ఒక చిన్న గట్టి మచ్చ నాలుకకు తగులుతుంది. చిన్నప్పుడు నాకూ లేచిందా? అప్పుడు నువ్వేం మొక్కుకున్నావు? తీర్చకుండా వదిలేసి ఉంటే దాచకుండా రాయి. కంసాలి దగ్గర రెండు నోళ్ళు చేయించి ఒకేసారి వేసేస్తాను.

నాన్నకు, నీకు దండాలు.
మునీశ్వరి