మేఘన అడిగిన చివరి ప్రశ్న

మంగళవారం, కాపెల్

కౌన్సెలర్ లైసెన్స్ పరీక్ష శుక్రవారం. ఇప్పటికే రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ ఐటీ ఉద్యోగం వెతుక్కోవాలి.

భోజనాలయ్యాక మా అమ్మాయి మేఘన ప్రాక్టీస్ పుస్తకం తీసుకుని నన్ను ప్రశ్నలడిగింది. చివరిది ఇది: కాలేజీ అమ్మాయి ఒకతె రెండు సెమిస్టర్లుగా క్లాసులకు వెళ్లడం లేదు. ఇంట్లో తెలియదు. మొదటిసారిగా కౌన్సెలర్‌తో చెప్పింది. ఆయన ముందుగా ఏం చేయాలి?

తల్లిదండ్రులతో చెప్పమని నచ్చజెప్పాలన్నాను.

"నాన్నా, తను నీకు చెప్పింది. నువ్వు అప్పుడే పేరెంట్స్ దగ్గరికి పంపిస్తున్నావ్."

"ఫీజు కట్టేది వాళ్లే కదమ్మా."

"ఓకే, ఫెయిల్," అని నవ్వింది. "ముందు వినాలి, అంతే. ఇంత చదివినా నువ్వు నాన్నవే." పుస్తకం మూసి పైకి వెళ్లిపోయింది.

తప్పు చేసిన ప్రశ్నలను జాబితాలో రాసుకోవడం నా అలవాటు. దీనినీ చేర్చుదామని పుస్తకం తెరిచాను. ఆ అధ్యాయంలో లేదు. మిగతా అధ్యాయాలలోనూ లేదు. ఆద్యంతం రెండుసార్లు వెతికాను. మేఘన దానిని చదవలేదు, తానే కల్పించి అడిగింది. తనదీ కాలేజీలో రెండవ ఏడాదే. రోజూ ఉదయం కారు తీసుకుని క్లాసులకని వెళుతోంది. ఎక్కడికి వెళుతోందో...

మెట్లెక్కి ఆమె గది తలుపు దాకా వెళ్లాను. ముందు వినాలని నాకు తెలుసు. అయినా తట్టబోతుండగా నోటిదాకా వచ్చిన మొదటి మాట, "ఇప్పటికైనా మించిపోయింది లేదమ్మా, రేపే మీ కాలేజీ అడ్వైజర్‌తో మాట్లాడదాం" అన్నది. తట్టకుండానే దిగి వచ్చాను.