మసలబెట్టిన నీళ్లు

1984 మార్చి 6, మంగళవారం

ఆరో తరగతి ఇంగ్లిషు. ఆరోగ్యం పాఠం. "బాయిల్ ద వాటర్" అని పిల్లలంతా గొంతు చించుకున్నారు. అర్థం అడిగితే శాంత ఒక్కతే లేచింది. "నీళ్లు మసలబెట్టాలె టీచర్." మురిసిపోయాను.

మార్చి 8

శాంత రాలేదు.

మార్చి 9

వచ్చింది. చెంప వాచింది. చెల్లెలు రత్నకు తట్టు పోసిందట. పాఠంలో చెప్పానని, పొయ్యి మీద నీళ్లు మసలబెట్టి ఇవ్వబోయిందట. ఇంట్లో అమ్మవారు ఉంటే సెగ పడదని తాలింపు కూడా వేయరు. నాకు తెలియని సంగతా? మా అమ్మ వేసేదా? పాఠం చెప్పేటప్పుడు నా బుద్ధి ఎటు పోయింది...

"నీ ఇంగ్లిష్ తోటి అమ్మకు వేడి తగిలింది" అని నాయనమ్మ కొట్టిందట. ఇప్పుడు రత్నకు విరేచనాలు. పోస్తే ఇంకా పారుతదని నీళ్లు కూడా ఇవ్వడం లేదట.

మార్చి 10

బడి విడిచాక వెళ్లాను. గుమ్మానికి వేపమండలు. నాయనమ్మ లోపలికి రానివ్వలేదు. దవాఖాన అన్నాను.

"దవాఖానకు తోల్కపోతే అమ్మ కోపం జేస్తది. బోరంచ గుడిల అమ్మకు మొక్కుకున్న. నువ్వు పో టీచరమ్మా."

గుమ్మంలోంచే కనిపించింది — రత్న కళ్లు గుంటలు పడ్డాయి. భయమేసింది. ఇంకా వేస్తోంది.

మార్చి 11

నీళ్లు మా ఇంట్లోనే కాచి, కొత్త కుండలో చల్లార్చి, ఉప్పూ చక్కెరా కలిపాను. పైన వేపరెమ్మ. మా ఆయన కంగ్టి ఊళ్లో డ్యూటీలో ఉన్నారు, చూసేవాళ్లు లేక మా పాప చిన్నిని చంకనేసుకునే వెళ్లాను.

"అవ్వా, అమ్మకు చలువ చేస్తాయి."

ముసలమ్మ కుండ తడిమి చూసింది. "ఏడ మసలబెట్టినవ్?"

"మా ఇంట్లో."

"మా పొయ్యి మీద గాదు గద." చెంచాతో పోసింది. రత్న మింగింది. దవాఖాన మాటెత్తితే మాత్రం మొహం తిప్పుకుంది. చిన్ని అరుగు మీద శాంతతో ఆడుతూనే ఉంది.

మార్చి 14

ఇంటికి తాళం. రత్నను పడుకోబెట్టుకుని మొక్కు తీర్చడానికి బోరంచ గుడికి బండి కట్టారట. కుండ కూడా వెంట తీసుకుపోయారని పక్కింటామె అంది. ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాను.

మార్చి 21

ఇంకా తాళమే. ఎవరినీ అడగలేదు... అడగాలంటే భయం.

సాయంత్రం చిన్ని ఒళ్లు వెచ్చగా తగిలింది. కళ్లు ఎర్రగా. పొద్దున్నే దవాఖానకు తీసుకెళ్తాను. తట్టు అంటే జబ్బే, నేనే చెప్పాను కదా పిల్లలకు. చెప్పేవి శ్రీరంగనీతులు.

పప్పు ఉడికింది. నూనె గరిటె తీసి, మళ్లీ అక్కడే పెట్టేశాను. తాలింపు వేయలేదు.