కొంగమెడ కూజా ఎవరిది?

తరిగొప్పుల, 12 జూలై 2011

ఆకృతులు రిజిస్ట్రీ చేసే ఆఫీసు పెద్దసారుకు, కుమ్మరి మణెమ్మ దండం పెట్టి రాయించేది.

కొంగలాగ మెడ వంగిన మట్టికూజా నా చేతిపని. సారె తిప్పేది మా ఇంటాయన, మెడ వంచేది నేను. పోయిన ఎండాకాలం మా ఆడబిడ్డ ఓదెమ్మ నీళ్లకని ఒకటి పట్టుకపోయింది. ఇప్పుడు చిట్యాలలో ఆమె ఇంటికి మీ ముద్ర కాగితం వచ్చిందట. దానిమీద నా కూజా బొమ్మ ఉందట. పదేండ్లు ఇంకెవరూ ఆ రూపం చేయొద్దట. నా కూజా నేను చేయొద్దా? ఆ కాగితం కొట్టేయండి.

ఇట్లు
మణెమ్మ వేలిముద్ర

తా.క.: ఈ ఉత్తరం రాసిపెడుతున్న యాకయ్య సారు 'దొంగ' అని రాయనన్నాడు. అందుకే 'ఆడబిడ్డ' అని రాయించిన.

---

2 ఆగస్టు 2011

మణెమ్మ గారికి,

ఆకృతి కొత్తదైతేనే నమోదు నిలుస్తుంది. దరఖాస్తుకు ముందే అది జనంలో ఉన్నట్టు రుజువైతే రద్దవుతుంది. సాక్ష్యం పంపగలరు.

భవదీయురాలు
శకుంతల, సెక్షన్ అధికారి

తా.క.: దయచేసి మళ్లీ కూజా పోస్టు చేయవద్దు. మొదటిది పెంకులుగా అందింది.

---

తరిగొప్పుల, 3 అక్టోబరు 2011

శకుంతలమ్మకు మణెమ్మ దండాలు.

రాష్ట్రం కోసం నడుస్తున్న సమ్మెలో భాగంగా మొన్న జనగామ రోడ్డు మీద వంటావార్పు పెట్టినం. నలభై ఏండ్ల సంది నా కూజా నీళ్లే తాగుతున్నమని అక్కడ అరవై మంది పేర్లు రాయించి వేలిముద్రలు వేసిండ్రు. ఓదెమ్మ కూడా వచ్చింది. "నా చేతులు గూడ రిజిస్ట్రీ చేయించుకోరాదే" అని అందరి ముందర కడిగేసిన. ఆమె తినకుండనే విస్తరి మడిచి వెళ్లిపోయింది.

ఇట్లు
గెలవబోయే మణెమ్మ

తా.క.: కొన్ని వేలిముద్రలు పచ్చగా ఉంటాయి. అది పప్పు. సాక్ష్యం మంచిదే.

---

28 అక్టోబరు 2011

మణెమ్మ గారికి,

మీ సాక్ష్యం తిరుగులేనిది. నమోదు రద్దు చేశాం. రిజిస్టరులో యజమాని పేరు 'కుమ్మరి మణెమ్మ, తరిగొప్పుల' అని ఉంది. దరఖాస్తు మీద వేలిముద్ర కూడా మీదే. ఓదెమ్మ గారిది ఉత్తరాల చిరునామా మాత్రమే.

భవదీయురాలు
శకుంతల

తా.క.: సొంత నమోదును సొంతదారే కొట్టేయించడం మా ఆఫీసులో కొత్త. అది మాత్రం నిస్సందేహంగా కొత్త.

---

తరిగొప్పుల, 9 నవంబరు 2011

శకుంతలమ్మకు, మణెమ్మ తల వంచుకొని రాయించేది.

కూజా కాగితమని ఓదెమ్మ చెప్తనే ఉండె. నేను పింఛను కాగితమనుకొని వేలు పెట్టిన. పట్నంలో ఒక కంపెనీ నా కూజాకు ప్లాస్టిక్ అచ్చు తీస్తున్నదని విని, నా పేరు నిలబెట్టాలని తిరిగిందట పాపం. ఇప్పుడు ఆ కంపెనీకి అడ్డం లేదు. అడ్డం తీసింది నేనే.

నిన్న చిట్యాల పోయి ఆమె గడపల నిలబడ్డ. "కాగితం నీ పేరునే ఉన్నదని నడిరోడ్డు మీద ఒక్కమాట అనకపోతివేందే ఓదెమ్మా?" అన్న.

"అంటే అంతమందిల నీ మాట పోతుండె గద, వదినె" అన్నది.

ఇట్లు
మణెమ్మ

తా.క.: తప్పు నాదని అంతమంది ముందరే చెప్పాలి. ఆ అరవై మంది పేర్లు జర తిప్పి పంపండి. ఒక్కరు కూడా తప్పిపోవద్దు.