కోటేశును మలావీ పంపే సంగతి

అమెరికా, ఇర్వింగ్ నుంచి

చిరంజీవి తమ్ముడు శేషయ్యకు, మరదలు పద్మకు అక్క రమణమ్మ మనసారా దీవించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. సుజాత, అల్లుడుగారు కూడా బాగున్నారు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పద్మ మాత్రలు వేళకు వేసుకుంటున్నదా? నాది ఐదో తరగతి రాత, తప్పులుంటే సర్దుకొని చదువుకో. ఫోనులో చెప్పమని సుజాత అంటున్నది. ఫోనులో అయితే నాకు ఏడుపొస్తుంది, చెప్పాల్సింది లోపలే ఉండిపోతుంది.

ఇక్కడి ఎండ మన కందుకూరు ఎండలాగే ఉంది. కాని ఇంట్లోంచి కారులోకి, కారులోంచి ఆఫీసులోకి పోతారు గనుక ఎవరికీ తగలదు. పగలంతా నేనొక్కదాన్నే. గోంగూర దొరుకుతున్నది, పులుపు లేదు. వేళకు తింటున్నాను, నా గురించి దిగులు పెట్టుకోకు.

నువ్వు పోయిన వారం అడిగిన మాటకు జవాబు రాద్దామని కూర్చున్నాను. మన శ్రీను పనిచేసిన మలావీ పొగాకు తోటవాళ్ళే ఇప్పుడు నీ కోటేశును రమ్మంటున్నారని, బ్యారన్‌ కొట్టంలో ఆకును వేడికి ఎండబెట్టే ఆ క్యూరింగ్ పనే ఇస్తామంటున్నారని, పంపమంటావా అక్కా అని అడిగావు. అప్పుడే వద్దు అని కాగితం మీద పెట్టేదాన్నే. ఈలోపు ఇక్కడొక సంగతి జరిగింది. అప్పట్నుంచి నాకేమీ పాలుపోవడం లేదురా.

మా ఎదురు అపార్ట్‌మెంట్‌లోకి రెండు నెలల కిందట గ్రేసు అని ఒకామె వచ్చింది. నా ఈడుదే. హోటల్లో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. ఆమెది మలావీ అని సుజాత చెప్పిన రోజు నుంచి నేను ఆమె ముఖం చూడలేదు. నా బిడ్డను మింగిన దేశం అది. ఆమె నవ్వుతూ చేయి ఊపితే నేను తలుపేసుకునేదాన్ని.

మొన్నటికి శ్రీను పోయి ఏడాది, ఏడూడు గుడిలో జరిపించాం. సుజాత నాకు తెలియకుండా ఆమెతో అంతా చెప్పిందట. ఆ సాయంత్రం గ్రేసు ఒక సంచి తెల్లటి పిండి తెచ్చి గుమ్మంలో పెట్టి, నా చేయి పట్టుకొని వెళ్ళిపోయింది. నేనది బియ్యప్పిండి అనుకున్నాను. ఏడాదిగా ముగ్గు వేయని చేయి. ఏడూడు అయిపోయింది గదా అని తెల్లారి మా గుమ్మం ముందు నాలుగు గీతలు గీశాను. ఇన్నాళ్ళూ ముఖం చాటేసినందుకు మనసు పీకి ఆమె గుమ్మం ముందు కూడా పద్మం వేశాను.

ఆమె పనికి పోదామని తలుపు తీసి అక్కడే ఆగిపోయింది. అడుగు బయట పెట్టలేదు. ఏదో అన్నది. సుజాత పరుగెత్తుకొచ్చింది.

"ఏం పని చేశావమ్మా! అది తినే పిండే. మొక్కజొన్న పిండి."

"తినేదయితే ఏమయిందే? చీమలు తింటయ్. మన కాడ బియ్యప్పిండితో పెట్టమా?"

"వాళ్ళ దేశంలో చావు జరిగినింటికి చుట్టుపక్కలోళ్ళు పిండి తెస్తారంట. వచ్చినోళ్ళకి వండిపెట్టేదానికి. అన్నయ్య కోసమని తెచ్చిందే ఆమె."

నాకు తల తీసేసినట్టయింది. చీమల సంగతి సుజాత ఇంగ్లీషులో చెప్పింది. గ్రేసు నన్నే చూస్తూ అన్న మాట సుజాత తెలుగులో చెప్పింది. "మీ దేశంలో చీమలక్కూడా పెట్టేంత పిండుందా?" వెక్కిరింపో నిజంగా అడిగిందో తెలియలేదు. తర్వాత ఆమే పకపకా నవ్వింది. ముగ్గు తొక్కకుండా గోడవారగా పనికి పోయింది.

సాయంత్రం వచ్చి మిగిలిన పిండితో సంగటి కెలికింది. అచ్చం మన సంగటే రా, తెల్లగా ఉంది, అంతే. చేత్తోనే తిన్నది. నేను గోంగూర పచ్చడి వేస్తే కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వేయమన్నది. వాళ్ళదీ పొగాకు సేద్యమేనట. మంచి చేలన్నీ పొగాకుకే పోతాయట, సంక్రాంతి దాటితే ఇంట్లో మొక్కజొన్న అయిపోతుందట. కొత్త పంట దాకా ఒక పూటే తిండి. "అంత పొగాకు పండిస్తూ పస్తులేందమ్మా?" అన్నాను. "పొగాకు తినలేం గదా అక్కా" అన్నదట.

అప్పుడు నేను ఏడాదిగా గొంతులో పెట్టుకున్నది అడిగించాను. శ్రీనుకు జ్వరం ముదిరినప్పుడు బండికి పెట్రోలు దొరకలేదు, ఆసుపత్రికి ఆలస్యమైంది అని తోటాయన ఫోనులో చెప్పాడు గుర్తుందా? అంత తోట ఉన్నవాడికి పెట్రోలు లేదా, అబద్ధం అని నేను మన్ను తీసి పోశాను. నువ్వూ అదే అన్నావు. గ్రేసు అబద్ధం కాదన్నది. ఆ దేశానికి డాలర్లు తెచ్చేది పొగాకేనట. ఆ ఏడు ధర పడిపోతే బయటినుంచి పెట్రోలు కొనేదానికి డాలర్లు లేవట. బంకుల ముందు బండ్లు రోజుల తరబడి నిలబడ్డాయట. ఆమె చెల్లెలి కాన్పుకూ బండి దొరకలేదట. బిడ్డ దక్కలేదట.

పొగాకు ధర పడితే మన కొండపి వేలంలో మనం తల పట్టుకునేవాళ్ళం, అంతే గదా. ఒక దేశానికి దేశం బండ్లు ఆగిపోతాయని నాకేం తెలుసు? బయటి దేశాల పంట పోయిందట, మనకు రేటు వస్తుంది అని మీ బావ అన్నప్పుడు నేనూ సంతోషించాను. ఆ బయటి దేశాల్లో ఇదొకటేమో. ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోవాలి? తోటాయనను తిట్టుకుంటూ ఏడాది బతికాను. ఆ కోపం కూడా లేకపోతే నా చేతిలో ఏముందిరా?

తోటవాళ్ళు అబద్ధాలకోర్లు అని నీతో అన్న మాట తప్పు. అది మాత్రం ఖాయంగా రాస్తున్నాను. ఇప్పుడు పెట్రోలు దొరుకుతున్నదని గ్రేసు చెప్పింది. మళ్ళీ ధర పడితే అంటే ఆమె భుజాలెగరేసింది. వెళ్ళమని రాద్దామంటే చేయి రావడం లేదు. వద్దంటే పిల్లవాడి బతుక్కి అడ్డం పడ్డానేమో అని భయం.

చిన్నాన్నకు, పిన్నమ్మకు నా దండాలు చెప్పి, నా మనసు కుదుటపడేట్టు దీవించమను. కోటేశుకు అత్త ముద్దులు. కాస్త ఎండు గోంగూర ఎవరైనా వచ్చేవాళ్ళతో పంపు.

శ్రీనును పంపేటప్పుడు మీరందరూ మన అరుగు మీద కూర్చొని మాట్లాడుకున్నారు. నన్ను పిలిచింది పచ్చడి ఎన్నాళ్ళు నిలవుంటుందో అడగడానికి. ఆ తర్వాత వాడే వంటింట్లోకి వచ్చి "పొమ్మంటావా అమ్మా" అన్నాడు. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు తమ్ముడూ. కోటేశు సంగతి నన్ను అడగొద్దు. పద్మను అడుగు. నలుగురిలో కాదు, ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడుగు. అది "మీ ఇష్టం" అంటే సరేనని లేచి వెళ్ళిపోవద్దు, మళ్ళీ అడుగు. వాడు అడిగినప్పుడు నేనన్నదీ అదే, "నీ ఇష్టం నాయనా" అని.

మీ అందరి క్షేమం కోరే
నీ అక్క
రమణమ్మ